కత్తి చప్పుడు, చేతి తప్పు

(దసరాకు ముందు ఒక ఆదివారం సాయంత్రం మహబూబ్‌నగర్‌లో, సాము నేర్చుకుంటున్న పిల్లలు, వాళ్ల తల్లిదండ్రుల ఎదుట ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం.)

పెద్దలకు నమస్కారం, పిల్లలకు దీవెనలు. ముందు ఆ ఫ్యాన్లు ఆపించండి. ఉక్కపోత సంగతి నాకూ తెలుసు, నా చొక్కా చూస్తున్నారు కదా. అయినా కాసేపు ఓర్చుకోవాలి. మనం వినబోయేది చాలా చిన్న చప్పుడు. ఫ్యాను గాలిలో కలిసిందంటే ఇక దొరకదు.

ఆగాయా? మంచిది. ఇప్పుడు అందరూ కళ్లు మూసుకోండి. నేను మూడుసార్లు విసురుతాను. ఏం విసిరానో తర్వాత చూద్దురుగాని.

(మూడు విసుర్లు)

ఏం వినిపించింది? ఆ రెండో వరుసలో అమ్మాయి చెయ్యెత్తింది, చెప్పమ్మా. మొదటిది సన్నగా ఈల వేసినట్టు ఉంది, రెండోది బొంగురుగా ఉంది, మూడోది రెండుసార్లు వినిపించింది. అంతేనా? శభాష్. ఇక కళ్లు తెరవండి. మూడుసార్లూ విసిరింది ఈ కత్తినే. పదును పెట్టలేదు, ఎవరూ భయపడవద్దు. మొదటిసారి కత్తి వాదర, అంటే కోసే అంచు, ఎటు చూస్తుందో అటే విసిరాను. రెండోసారి మణికట్టు కొంచెం తిప్పాను. మూడోసారి సగం దారిలో పిడిని గట్టిగా నొక్కాను, కత్తి ఒక్క క్షణం వణికింది. నా చేతి తప్పులు రెండింటినీ ఈ అమ్మాయి కళ్లు మూసుకునే పట్టుకుంది. కత్తి ఎప్పుడైనా పట్టుకున్నావా తల్లీ? లేదట.

నన్ను ఇక్కడికి పిలిచిన మిత్రులు దసరా సందర్భంగా వీరుల గురించి మాట్లాడమన్నారు. వీరుల గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ని, నాకు వచ్చింది చప్పుళ్ల లెక్క. కాబట్టి కత్తి విసిరినప్పుడు వచ్చే చప్పుడు చేతి గురించి ఏం చెబుతుందో చెబుతాను. ఏం చెప్పదో కూడా చెబుతాను. ఈ రెండోది తెలియకే నేను ఒక వానాకాలమంతా పోగొట్టుకున్నాను.

మాది దేవరకొండ వైపు ఒక పల్లె. జొన్న చేను కంకి వేసిందంటే మంచె మీద మా డ్యూటీ పిట్టలను తోలడం. చేతిలో ఒడిసెల. దాన్ని తల చుట్టూ తిప్పుతుంటే మెల్లగా ఉన్నప్పుడు 'బుయ్' అనేది, వేగం పెరిగేకొద్దీ 'రివ్వు'మనేది. ఆ చప్పుడు ఒక మెట్టు ఎక్కగానే రాయి వదలాలి. కళ్లతో చూసి వదిలితే రాయి పక్క చేలో పడుతుంది. మాకు ఎవరూ నేర్పలేదు, చెవి దానంతట అదే నేర్చుకుంది.

తర్వాత చదువుకని నల్లగొండ వచ్చాను. అక్కడ మా వీధి చివర ఒక సైకిల్ దుకాణం, దాని వెనక పెరట్లో తాలీం. ఉస్తాద్ గారు పగలు పంచర్లు వేసేవారు, సాయంత్రం కర్రసాము, కత్తిసాము నేర్పేవారు. నేర్పడమంటే ఎదురుగా నిలబడి కాదు. మాకు వీపు పెట్టి, ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తూ ఉండేవారు. వెనక మేము విసురుతుంటే తల తిప్పకుండానే "మణికట్టు చూసుకో బిడ్డా" అనేవారు. "అంత పైన ఖర్చు పెట్టేస్తే కిందికి ఏం మిగులుతుంది?" అనేవారు. ఆయనకు వీపున కళ్లున్నాయని మేం పిల్లలం నిజంగానే నమ్మాం. ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఒక రోజు గాలి ప్రవాహాల పాఠం వింటుంటే, ఆ సైకిల్ దుకాణం గుర్తొచ్చి బెంచీ మీదే నవ్వాను.

ఆ పాఠం ఇది. ఈ వెదురు కర్ర చూడండి, చిటికెన వేలంత లావు. దీన్ని విసిరితే గాలి దానికి రెండు పక్కల నుంచి తప్పుకుని వెనక్కి పోవాలి. నెమ్మదిగా పోనిస్తే బుద్ధిగా పోతుంది. వేగం పెరిగితే కర్ర వెనక సుడులు కడుతుంది. ఒకసారి కుడి పక్క సుడి, ఒకసారి ఎడమ పక్క సుడి, మార్చి మార్చి. కృష్ణలో వంతెన స్తంభం వెనక నీళ్లు తిరగడం చూసే ఉంటారు, అదే సంగతి. ఒక్కో సుడి విడిపోయినప్పుడల్లా గాలికి ఒక తోపు. ఆ తోపులు సెకనుకు వందల సంఖ్యలో పడితే మన చెవికి స్వరంగా వినిపిస్తాయి. గాలి వీచే రోజున కరెంటు తీగలు పాడేదీ ఇలాగే.

చెక్ దేశస్థుడు స్ట్రోహల్ అనే ఆయన 1878లో తీగలను గాలిలో తిప్పి దీనికి లెక్క కట్టాడు. వేగాన్ని మందంతో భాగించి, వచ్చినదాన్ని సుమారు 0.2తో గుణించాలి. అంతే. కర్ర మందం ఒక సెంటీమీటరు, వేగం సెకనుకు 20 మీటర్లు అనుకుంటే, సెకనుకు 400 కంపనాలు వస్తాయి. సెకనుకు 20 మీటర్లంటే గంటకు 72 కిలోమీటర్లు, జడ్చర్ల రోడ్డు మీద బస్సు పోయేంత వేగం. కర్రను సగానికి చీల్చి సన్నం చేస్తే కంపనాలు 800 అవుతాయి, చప్పుడు పై స్థాయికి ఎక్కుతుంది. అంటే సన్నని వస్తువు సన్నగా, లావు వస్తువు లావుగా పాడుతుంది. ఇంతవరకు పిల్లలకు కూడా తెలుసు.

ఇప్పుడు కత్తి సంగతి. ఇది వెడల్పు మూడు సెంటీమీటర్లు, వెన్ను దగ్గర మందం అర సెంటీమీటరు. వాదర ముందు ఉండేటట్టు సరిగ్గా విసిరితే గాలి రెండు పక్కలా అంటిపెట్టుకుని జారి, వెన్ను దగ్గర మాత్రమే విడిపోతుంది. గాలికి కనిపించే మందం అర సెంటీమీటరే. మణికట్టును పది డిగ్రీలు తిప్పాననుకోండి. పది డిగ్రీలంటే గడియారంలో పెద్దముల్లు రెండు నిమిషాల్లో జరిగేంత కూడా కాదు, మన కళ్లకు ఆనదు. కానీ గాలికి ఆ మూడు సెంటీమీటర్ల చదునులో ఇంకో అర సెంటీమీటరు ఎదురు తగులుతుంది. కత్తి మందం దాదాపు రెట్టింపు అయినట్టే. సుడులు పెద్దవవుతాయి, చప్పుడు కిందికి దిగుతుంది, బొంగురుపోతుంది. ఇందాక ఆ అమ్మాయి పట్టుకున్నది ఆ అర సెంటీమీటరునే.

ఇంకొక లెక్క చెప్పి గణితం ఆపేస్తాను. ఇలా పుట్టే చప్పుడు బలం వేగానికి ఆరో ఘాతంలో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే శబ్దశక్తి 64 రెట్లు. చెవి అలా లెక్కపెట్టదు కాబట్టి మనకు మూడు నాలుగు రెట్లుగా తోస్తుంది, అది వేరే సంగతి. కత్తి విసిరినప్పుడు మొన ఎంత దూరం తిరుగుతుందో, సగం దగ్గర ఉన్న భాగం అంతకంటే బాగా తక్కువ తిరుగుతుంది. కాబట్టి మొన మాట్లాడినప్పుడు కత్తిలో మిగతా భాగమంతా దాదాపు మౌనంగానే ఉంటుంది. మీరు విన్నది మొన చప్పుడు. అది ఏ చోట పెద్దదైందో, మొన అక్కడ అన్నిటికంటే వేగంగా పోయిందన్నమాట.

ఉస్తాద్ గారు వీపు పెట్టి పట్టుకున్న రెండో తప్పు ఇదే. కొత్తగా నేర్చుకునేవాళ్లు నూటికి తొంభై మంది కత్తిని తల మీద ఉన్నప్పుడే బలమంతా పెట్టి లాగుతారు. చప్పుడు నెత్తి మీద వస్తుంది. ఎదుటి మనిషి ఉండే చోటికి, లేదా మనం నిలబెట్టిన అరటి బోదె ఉండే చోటికి వచ్చేసరికి కత్తి అలసిపోయి ఉంటుంది. కొందరికి మోకాలి దగ్గర వస్తుంది, వాళ్లు ఆలస్యంగా మేలుకున్నవాళ్లు. రావలసిన చోటు దెబ్బ తగిలే చోటు, దానికి జానెడు ముందూ జానెడు వెనకా. పొట్టిగా రావాలి. చీర చింపినట్టు సర్రున మొదలై టక్కున ఆగాలి. పొడుగ్గా సాగే చప్పుడు వింటే చూసేవాళ్లు చప్పట్లు కొడతారు గాని, కత్తి తెలిసినవాడు మాట్లాడడు.

ఇక్కడ ఒక మోసం ఉంది. మీ కత్తి చప్పుడు మీకు సరిగ్గా వినిపించదు. కత్తి నెత్తి మీద ఉన్నప్పుడు చెవికి దగ్గర, కిందికి వచ్చేసరికి దూరం. నెత్తి మీది చప్పుడు మీకు పెద్దగా వినిపిస్తుంది, అసలు చోటుది చిన్నగా వినిపిస్తుంది. పైగా ఈ సుడుల తోపు కుడికీ ఎడమకూ పోతుంది, ముందుకు కాదు. పై నుంచి కిందికి కోసే విసురు పక్కన నిలబడ్డవాళ్లకు బాగా వినిపిస్తుంది, ఎదురుగా ఉన్నవాళ్లకు తక్కువ. మా సైకిల్ దుకాణం తాలీంకు ఏ పక్కన ఉండేదో ఇప్పుడు మీరే ఊహించుకోండి. ఆయన అక్కడే ఎందుకు కూర్చునేవారని మేం ఎన్నడూ అడగలేదు.

ఫోనులో రికార్డు చేసుకుంటామని ఎవరో అంటున్నారు. చేసుకోండి, చప్పుడు ఎక్కడ వచ్చిందో తెలుస్తుంది. ఎంత పెద్దగా వచ్చిందన్నది మాత్రం ఫోనును అడగవద్దు. చిన్న చప్పుళ్లను పెంచడం, పెద్ద చప్పుళ్లను తగ్గించడం ఫోను దానంతట అదే చేస్తుంది. మాటలు స్పష్టంగా వినిపించాలని దాన్ని అలా తయారుచేశారు.

కత్తి చప్పుడు గురించి జపాన్ వాళ్లు పట్టించుకున్నంతగా ఎవరూ పట్టించుకోలేదేమో. ఆ చప్పుడుకు వాళ్ల భాషలో పేరే ఉంది, తాచికజె. తాచి అంటే కత్తి, కజె అంటే గాలి. వాదర, విసురు ఒకే దారిలో ఉండటానికి ఇంకొక పేరు, హసుజి. వాళ్ల కత్తులు కొన్నిటికి వెన్ను పొడుగునా ఒక గాడి ఉంటుంది. మన దగ్గర కూడా కొన్ని తల్వార్లకు గాడులు ఉంటాయి. అవి రక్తం కారిపోవడానికని మ్యూజియంలో ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు, నమ్మవద్దు. గాడి తీస్తే కత్తి బరువు తగ్గుతుంది, గట్టిదనం పెద్దగా తగ్గదు. అంతకు మించి రహస్యం లేదు. ఆ గాడి గాలిని కూడా పట్టుకుంటుంది. కత్తి సరైన దారిలో పోతే ఈల వస్తుంది, దారి తప్పితే ఈల చెదిరిపోతుంది. అందుకే అక్కడ కొత్తవాళ్లకు తరచూ గాడి ఉన్న కత్తి ఇస్తారు, చేతి తప్పును అది పట్టిస్తుందని. గాడి లేని కత్తితో అదే ఈల రప్పించాలంటే చాలా కష్టం.

మన తల్వారుది వేరే తీరు. పిడి చివర పళ్లెం లాంటి బిళ్ల ఉంటుంది కదా, అది మణికట్టును మరీ విరవనివ్వదు. అందుకే దెబ్బ మణికట్టు నుంచి కాక భుజం నుంచి, మోచేతి నుంచి వస్తుంది, కొట్టడం కంటే లాగి కోయడం ఎక్కువ. జపాన్ కత్తి చప్పుడును తల్వారుతో రప్పించాలని చూసేవాళ్లు మణికట్టు బెణికించుకుంటారు. ఎలా తెలుసని అడగకండి, చెబుతున్నాను.

నాకు అప్పుడు పదిహేడేళ్లు. చప్పుడు రుచి మరిగాను. ఆ వానాకాలమంతా, వాన లేనప్పుడల్లా పెరట్లో ఒకటే విసురు. గట్టి చప్పుడు రావడం మొదలైంది. రోజురోజుకూ పెద్దదైంది. పక్కింటి పిల్లలు గోడెక్కి చూసేవారు. నాకంటే పెద్దవాళ్లకు కూడా అంత చప్పుడు రావడం లేదని లోపల పొంగిపోయాను. ఉస్తాద్ గారు ఒక్క మాట అనలేదు. బాగుందని అనలేదు, బాగాలేదని కూడా అనలేదు. దసరా నాడు జమ్మి దగ్గరికి పోయి వచ్చాక, పెరట్లో అరటి బోదె పాతించి "కొట్టు" అన్నారు.

కొట్టాను. చప్పుడు బ్రహ్మాండంగా వచ్చింది. దాని వెనకే 'థప్' మన్నది. కత్తి బోదెలో మూడొంతులు దిగి ఇరుక్కుంది, పిడి నా చేతిలో మెలిక తిరిగింది, మణికట్టులో ఏదో కలుక్కుమంది. వారం రోజులు ఎడమ చేత్తో అన్నం తిన్నాను. ఉస్తాద్ గారు మాత్రం నా చేతిని చూడలేదు, బోదెను చూశారు. కత్తి లాగేసి, తెగిన ముఖాన్ని బొటనవేలితో తడిమి, నన్నూ తడమమన్నారు. చదునుగా లేదు. గరిటెతో తోడినట్టు గుంటపడి ఉంది. కత్తి లోపలికి పోతూ పోతూ తిరిగిందన్నమాట. అరటి బోదె పొరలు పొరలుగా ఉంటుంది, పొరపొరకూ వాదర దారి ఎలా తప్పిందో అందులో గీతలు గీసినట్టు కనిపించింది.

అసలు ఏం జరిగిందో నాకు అర్థం కావడానికి ఆ తర్వాత చాలా ఏళ్లు పట్టింది. పెద్ద చప్పుడు రావాలంటే రెండు దారులు. మొన వేగం పెంచడం ఒకటి. కత్తిని కొంచెం వాల్చి గాలికి ఎక్కువ ఎదురు పెట్టడం ఇంకొకటి. నా చెయ్యి, నాకు తెలియకుండానే, రెండో దారి పట్టింది. చప్పుడు కోసం ఎగబడితే చెయ్యి చప్పుడునే ఇస్తుంది, కోతను ఇవ్వదు. గాలికి ఎముక లేదు కదా, ఎంత వంకరగా కోసినా ఎదురు చెప్పదు.

ఆ రోజు నా తర్వాత ఒక కల్లుగీత మామ కత్తి అందుకున్నాడు. ఏదో పని మీద వచ్చి చూస్తూ నిలబడ్డవాడు. సాము నేర్చుకోలేదు. మోకు, ముస్తాదు, గీత కత్తి తప్ప వేరే ఆయుధం తెలియదు. కానీ రోజుకు పదుల చెట్లెక్కి తాటి గెల చివరను ఆకంత పల్చగా గీసే చెయ్యి అది. ఎక్కువ గీస్తే గెల పాడవుతుంది, తక్కువ గీస్తే కల్లు రాదు. అతను విసిరితే ఈల లాంటిదేమీ రాలేదు. 'సుక్' మని చిన్న చప్పుడు. బోదె కదల్లేదు. తెగలేదేమో అనుకున్నాం. వేలితో తోస్తే పై ముక్క జారి కింద పడింది, తెగిన చోట నీటి బొట్లు అద్దం మీద నిలిచినట్టు నిలిచాయి. ఉస్తాద్ గారు అప్పుడు మా వైపు తిరిగి కూర్చున్నారు.

అంటే వినవలసిన చప్పుళ్లు రెండు. గాలిలోది ఒకటి, వస్తువులోది ఒకటి. మొదటిది తప్పు ఎక్కడుందో చెబుతుంది, తప్పు లేదని మాత్రం హామీ ఇవ్వదు. ఆ హామీ రెండోది ఇవ్వాలి. మంచి కోత చప్పుడు ఎప్పుడూ చిన్నదే. కూరగాయల కత్తితో వంకాయ తరిగే మీ అమ్మను అడిగితే ఈ మాట నాకంటే తొందరగా చెబుతుంది.

సినిమాల సంగతి అడుగుతారని తెలుసు. కత్తిని ఒరలోంచి తీయగానే 'ష్రింగ్' మని పెద్ద చప్పుడు. నిజంగా మీ కత్తి అలా మోగితే ఏడవాలి. లోహపు ఒర అంచుకు వాదర రాసుకుపోతోందన్నమాట. తీసిన ప్రతిసారీ పదును పోతుంది, మళ్లీ పెట్టిన ప్రతిసారీ ఇంకొంచెం పోతుంది. దీనికి మన దక్కనులోనే ఒక సాక్ష్యం ఉంది. కెప్టెన్ నోలన్ అనే బ్రిటిష్ అశ్వికదళ అధికారి 1853లో అచ్చయిన తన పుస్తకంలో నిజాం రౌతుల గురించి రాశాడు. వాళ్ల కత్తుల గాయాల గురించి డాక్టరు రాసిన నివేదిక చదివి ఆశ్చర్యపోయి, ఆ కత్తులు ఎక్కడివని ఆరా తీశాడట. తీరా చూస్తే అవి ఇంగ్లీషు సైన్యం పనికిరావని పారేసిన పాత కత్తులే. రౌతులు వాటికి మన పిడులు బిగించి, క్షౌరం చేసుకునేంత పదును పెట్టి, చెక్క ఒరలలో దాచుకునేవారు. యుద్ధంలో తప్ప ఒరలోంచి తీసేవారు కాదు. ఇంగ్లీషు వాళ్లవి ఇనుప ఒరలు, కాబట్టి అదే కత్తి వాళ్ల దగ్గర మొద్దుబారింది. ఎలా నేర్పిస్తారని అడిగితే ఒక ముసలి రౌతు, నేర్పేదేముంది, పదునున్న కత్తి ఎవరి చేతిలోనైనా తెగుతుంది అన్నాడట. మా ఉస్తాద్ గారు వింటే ఈ మాట ఒప్పుకునేవారు కాదు. నాకూ సగమే ఒప్పుకోబుద్ధి అవుతుంది. ఆ నోలన్ మరుసటి ఏడాదే క్రిమియాలో బాలక్లావా దగ్గర చనిపోయాడు.

ఇంకొక చప్పుడు చెప్పి ముగిస్తాను. విసురు ఆగిన క్షణాన పిడి దగ్గర 'టిక్' మని వినిపిస్తే కత్తి వెంటనే కింద పెట్టండి. పిడి వదులైంది. కుండ కొనేటప్పుడు మీ నానమ్మ వేలితో కొట్టి చూస్తుంది కదా, అలాగే పిడిని వదులుగా పట్టుకుని కత్తిని గోటితో మీటండి. ఖంగుమని మోగితే సరే, బొత్తిగా మొద్దుగా పలికితే ఎక్కడో పగులు ఉండవచ్చు. పగిలిన కుండతో పోయేది నీళ్లే. పగిలిన కత్తి విసురులో విరిగితే మొన ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే ఈ పరీక్ష రోజూ చేయండి, బద్ధకించవద్దు.

ఏమిటి బాబూ? పోతరాజు కొరడా చప్పుడు కూడా ఇలాంటిదేనా? మంచి ప్రశ్న. కాదు. కొరడా కొస ధ్వని వేగాన్నే దాటుతుంది, సెకనుకు 340 మీటర్ల పైమాట. ఆ 'ఛెళ్' అక్కడ పుట్టేది. కత్తి అందులో పదో వంతు కూడా అందుకోవడం కష్టం. కాబట్టి కత్తి ఛెళ్‌మనాలని ఎవరూ ప్రయత్నించవద్దు, అది చెయ్యగలిగిన పని కాదు.

సరే, ఆ ఫ్యాన్లు వేయండి. పిల్లలు ఇద్దరిద్దరు బయటికి రండి. ఒకరు విసరాలి, ఇంకొకరు పక్కన ఐదడుగుల దూరంలో వీపు పెట్టి నిలబడి చప్పుడు ఎక్కడ వచ్చిందో చెప్పాలి. నెత్తి మీదా, ఛాతీ దగ్గరా, మోకాలి దగ్గరా? అంతే చెప్పాలి, బాగుందనీ బాగాలేదనీ అనకూడదు. అందరూ వెదురు కర్రలతోనే. కత్తి నా దగ్గరే ఉంటుంది.